నలుగురు కలిసి వాడుకునే వడ్రంగం గది: అపోహలు – వాస్తవాలు

రేకుల షెడ్డో, కారు లేని గ్యారేజీయో, సెల్లార్‌లో ఓ మూలో. పది అడుగులకు పది అడుగుల చోటుంటే ఇంట్లో చెక్కపని సాగుతుంది. మిషన్ల ఖర్చు ఒక్కరికి బరువు కాబట్టి ముగ్గురు నలుగురు కలిసి పెట్టుకోవడమూ మంచి ఆలోచనే. చిక్కల్లా కొనేముందు పాతుకుపోయే కొన్ని నమ్మకాలతోనే.

అపోహ: అన్నిటికంటే ముందు టేబుల్ సా (బల్ల నడుమ నుంచి గుండ్రటి బ్లేడు పైకి లేచే కోత మిషన్) కొనాలి.

ముందు కావాల్సింది బల్ల. చిత్రిక పట్టేటప్పుడు మనం తోసే బలమంతా చెక్కకు అందాలి. బల్ల ఊగితే ఆ ఊపులోనే సగం పోతుంది, ఉలి గురి తప్పుతుంది.

18 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీటు ఒకటి తెచ్చి నాలుగు 4×2 ముక్కలు కోయించండి. మూడు ముక్కలు అతికిస్తే 54 మి.మీ. మందం పైపలక, నాలుగోది కింది అర. మూడూ ఒకేసారి అతికించొద్దు, రెండు ఆరాక మూడోది. అంచుల్లో క్లాంపులు అందుతాయి కానీ నడుమ అందవు. అక్కడ పలక కిందివైపు నుంచి ప్రతి ఆరంగుళాలకూ ఒక 30 మి.మీ. స్క్రూ బిగించి మర్నాడు తీసేయండి. అంతకంటే పొడవువి వేస్తే పైకి పొడుచుకొస్తాయి. కాళ్లకు 3×3 అంగుళాల వేపో తుమ్మో చాలు, టేకు దండగ. కింది అర మీద ఇసుక బస్తా పెడితే బల్ల ఇక కదలదు.

ఎత్తు కొలవడానికి టేపు అక్కర్లేదు. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే మణికట్టు మడత ఎక్కడుందో బల్ల అక్కడికి రావాలి. నలుగురూ నాలుగు ఎత్తుల్లో ఉంటే పొట్టివాళ్ల లెక్కన చేయించి, పొడుగువాళ్లు పని చేసేటప్పుడు బల్ల కాళ్ల కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టుకోవడమే తేలిక.

అపోహ: మార్బుల్ కట్టర్‌ని బల్లకు తిరగేసి బిగిస్తే అదే టేబుల్ సా.

సైట్లలో రోజూ కనిపించే ఏర్పాటే. వేళ్లు పోగొట్టుకునే ఏర్పాటు కూడా ఇదే. ఆ మిషన్ రాయి కోయడానికి చేసింది, నిమిషానికి 12,000–13,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల కలప సర్క్యులర్ సా వేగం సుమారు 5,000 మాత్రమే. పళ్ల బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం మిషన్ వేగం కంటే తక్కువైతే ఆ బ్లేడు అందులో వేయనే కూడదు.

అసలు ప్రమాదం వేగం ఒక్కటే కాదు. గట్టి చెక్కను పొడవునా కోస్తుంటే లోపలున్న బిగువు విడిపోయి, కోసిన రెండు ముక్కలూ మళ్లీ దగ్గరికి మూసుకుంటాయి. వెనకవైపు పైకి లేచే పళ్లు ఆ చెక్కను పట్టుకుని మన కడుపు మీదికి విసురుతాయి. దీన్ని ఆపేది బ్లేడు వెనక నిలబడి కోతను మూసుకోనివ్వని రేకు, రైవింగ్ నైఫ్. దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, కోత గాడి కంటే తక్కువ ఉండాలి. తిరగేసిన కట్టర్‌కు అది ఉండదు, గార్డూ ఉండదు, స్విచ్చేమో బల్ల కింద.

టేబుల్ సాకు డబ్బు లేకపోతే చేతి సర్క్యులర్ సా కొనండి. నేల మీద థర్మాకోల్ పరిచి దానిపై షీటు పెట్టి, తిన్నని ప్లైవుడ్ పట్టీని ఆనుగా క్లాంపు చేసి, బ్లేడు షీటు మందం కంటే 5 మి.మీ. మాత్రమే కిందికి దిగేలా పెట్టి కోయండి. కోత టేబుల్ సాకు ఏమాత్రం తీసిపోదు.

అపోహ: గ్లోవ్స్ వేసుకుంటే చేతికి రక్షణ.

చెక్క మోసేటప్పుడు వేసుకోండి. తిరిగే బ్లేడు, డ్రిల్లు, రౌటర్ (చెక్కలో గాళ్లు, అంచులు తీసే మిషన్) దగ్గర వద్దు. గుడ్డ పోగు చిక్కుకుంటే చెయ్యి మొత్తం లోపలికి పోతుంది. పొడుగు చేతుల చొక్కా, చున్నీ, చేతి దారాలకూ ఇదే మాట.

అపోహ: మిక్సీ తిరిగే ప్లగ్గులో మిషన్ కూడా తిరుగుతుంది.

2,000 వాట్ల మిషన్ నడిచేటప్పుడే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. 6 ఆంపియర్ల సాకెట్ దీనికి సరిపోదు. సన్నటి తీగ ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే ఓల్టేజీ పడిపోయి, మోటారు ఈడుస్తూ వేడెక్కి, చివరికి వైండింగ్ కాలుతుంది. మిషన్‌కే చెడ్డపేరు.

మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగ లాగించి, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించండి. దుమ్ము లాగే మిషన్‌కు వేరే లైను. చుట్టిన ఎక్స్‌టెన్షన్ తీగను పూర్తిగా విప్పి వాడాలి, లేకపోతే చుట్టలోనే కరుగుతుంది.

అపోహ: రంపపు పొట్టు ఊడ్చేస్తే సరి.

కంటికి కనిపించే పొట్టుతో పెద్ద బాధ లేదు. శాండింగ్ చేసినప్పుడు గాల్లో తేలే మెత్తటి ధూళే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, చీపురు దాన్నే మళ్లీ లేపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం కలప ధూళిని 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. వ్యాక్యూమ్ క్లీనర్‌కు ముందు 20 లీటర్ల పెయింటు బకెట్ మీద చిన్న సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొట్టును వేరుచేసే గరాటు) బిగిస్తే పొట్టు బకెట్‌లోనే పడి ఫిల్టర్ పూడదు. మిషన్ ఆపాక కూడా కాసేపు ఎన్95 మాస్కు తీయకండి. ముక్కుకు కట్టుకున్న కండువా ఈ ధూళిని ఆపదు.

అపోహ: బాగా ఎండిన టేకు కదలదు.

ప్రతి చెక్కా కదులుతుంది, టేకు కొంచెం తక్కువ, అంతే. పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మారుతుంది. విశాఖ వానాకాలంలో 16 శాతం తేమతో ఉన్న 24 అంగుళాల పలక, ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరి 8 శాతానికి దిగితే, కోసిన తీరును బట్టి 5 నుంచి 9 మి.మీ. వరకూ కుదించుకుపోతుంది. అడ్డపట్టీకి జిగురు పెట్టి బిగించేస్తే పలక చీలక తప్పదు. స్క్రూ రంధ్రాలను వెడల్పు దిశలో కోలగా తొలవండి. డిపో నుంచి తెచ్చిన కలపను ముప్పావు అంగుళం రీపులు మధ్యన పెట్టి పేర్చి, మూడు వారాలు గదిలోనే ఉంచాక ముట్టుకోండి.

అపోహ: గది ఉమ్మడి అయితే పనిముట్లన్నీ ఉమ్మడే.

పొత్తు చెడేది ఇక్కడే. మిషన్లు, బల్ల, క్లాంపులు కలిపి వాడుకోవచ్చు. పదును మాత్రం ఎవరిది వాళ్లదే. ఉలి 25 డిగ్రీల వాలుతో సానబట్టి, కొసను 30 డిగ్రీల దగ్గర 1,000 గ్రిట్ రాయి మీద నూరుకుని, వెనకవైపు అద్దంలా చదును చేసుకున్నవాళ్లకు అది స్క్రూడ్రైవర్‌గా వాడబడితే స్నేహం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఉలులు, చిత్రిక ఇనుము, రంపపు బ్లేడ్లు, శాండ్‌పేపరు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

పాత తలుపుల కలపంటే మోజు ఉన్నవాళ్లు ఒకరు తప్పకుండా ఉంటారు. అందులో తెగిపోయిన మేకు ఒక్కటి తగిలినా బ్లేడు పళ్లు రాలతాయి. గట్టి అయస్కాంతంతో అన్నివైపులా తడిమాకే, అదీ తన సొంత బ్లేడుతోనే కోయాలని ముందే అనుకోండి.

పని ముగించినవాళ్లు బ్లేడు కిందికి దించి, కోణాన్ని 90 డిగ్రీలకు తెచ్చి, ప్లగ్ తీసి వెళ్లాలి. తర్వాత వచ్చినవాళ్లు అయినా సరే మూలమట్టం పెట్టి చూసుకోవాలి. ఖర్చు సమానంగా పంచుకోవడం న్యాయంలా కనిపిస్తుంది కానీ నిలవదు. మిషన్ కొన్న సొమ్ము సమానంగా, కరెంటూ మరమ్మతులూ వాడిన గంటల లెక్కన పెట్టుకుంటే గొడవ రాదు. గోడకో పుస్తకం, తాడుకో పెన్సిల్ చాలు.

పొరుగువాళ్లనూ లెక్కలోకి తీసుకోండి. నివాస ప్రాంతంలో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్. రౌటర్ మోత దగ్గర నిలబడితే 90 దాటుతుంది. మిషన్ పని మధ్యాహ్నం లోపు ముగించి, సాయంత్రాలు చేతిపనికి ఉంచుకోవడం మేలు.

అపోహ: పాలిష్ గుడ్డలు మూల పడేస్తే ఏమవుతుంది?

పాలిష్‌కు వాడే అవిసె నూనె ఆరడం అంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం. అందులో వేడి పుడుతుంది. ఉండలా చుట్టి పడేసిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక, ఎవరూ అగ్గి ముట్టించకుండానే అంటుకుంటుంది. గుడ్డను బయట తీగ మీద ఒంటి పొరగా ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి. లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. థిన్నర్ సంగతి వేరు. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకుతుంది. సెల్లార్‌లో బండ్లు ఉంటే స్ప్రే పాలిష్ అక్కడ చేయొద్దు, డాబా మీదికి తీసుకెళ్లండి.