ముక్కు ఆపరేషన్: ఆరో రోజు వచ్చే ఫోన్

ఆపరేషన్ అయిన ఆరో రోజో ఏడో రోజో ఫోన్ వస్తుంది. "సార్, ముక్కు మళ్ళీ బందైంది. ఆపరేషన్ ఫెయిలైనట్టుంది." ఆ గొంతులో కోపం ఉండదు, భయం ఉంటుంది. వెనక నుంచి ఇంకో గొంతు కూడా వినిపిస్తుంది, బామ్మర్దిదో మేనమామదో. "నేను ముందే చెప్పిన, ముక్కు ఆపరేషన్ నిలవదని."

ఆ వెనక గొంతు కోసమే ఇది రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఈఎన్‌టీ సర్జన్‌ని. ముక్కు దూలం (రెండు రంధ్రాల మధ్య గోడ) వంకరకి సెప్టోప్లాస్టీ, సైనస్‌కి ఎండోస్కోపీతో చేసే ఫెస్, అప్పుడప్పుడు ముక్కు రూపం మార్చే రైనోప్లాస్టీ: నా రోజులు వీటితోనే గడుస్తాయి. ఓపీలో వినే అపోహలు ఒక సంచికి సరిపోతాయి. కానీ జనాన్ని నిజంగా ముంచేది వాటిలో ఒక్కటే. ముందు దాని సంగతి చూద్దాం. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: వారంలో గాలి ఆడకపోతే ఆపరేషన్ ఫెయిలైనట్టే

చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి మోకాలు చెక్కుకుపోతే ఏమైంది? రెండు రోజులు తడిగా ఉండి, తర్వాత పక్కు కట్టింది. ముక్కులోనూ అదే జరుగుతుంది. కాకపోతే మోకాలి మీది పక్కు ఎవరి దారికీ అడ్డం రాదు. ముక్కులో దారే చిటికెన వేలంత. సెప్టోప్లాస్టీలో దూలం మీది పొరని రెండువైపులా లేపి, వంకర ఉన్న మృదులాస్థిని, ఎముకని సరిచేసి, పొరని మళ్ళీ అతికిస్తాం. ఆ పొర వాస్తుంది. ఫెస్‌లో అయితే సైనస్‌ల (ముఖం ఎముకల్లోని గాలి గదుల) దారులు తెరిచినచోట పచ్చిగా ఉంటుంది. అక్కడ ఊరే నెత్తురు, రసి, చీమిడి కలిసి ఎండిపోయి పక్కులవుతాయి. మామూలు రోజుల్లో చీమిడిని వెనక్కి ఊడ్చే సన్నటి నూగు ఉంటుంది, అదీ కొన్ని వారాలు సరిగ్గా పనిచేయదు.

అందుకే నెత్తురు ఆగడానికి ముక్కులో కూరిన ప్యాక్ తీసిన రోజు "అబ్బ, ఎంత హాయిగా ఉంది సార్" అన్న మనిషే నాలుగు రోజులు తిరక్కుండా "బందైంది" అంటాడు. రెండు మాటలూ నిజమే. మామూలుగా రెండు మూడు వారాలకి గాలి నిలకడగా ఆడటం మొదలవుతుంది. లోపల పూర్తిగా మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పాలిప్స్, అంటే ముక్కు పొర మీద పెరిగే మెత్తటి కండలు, ఎక్కువగా ఉన్నవాళ్ళకి మూడు నెలలు కూడా పట్టొచ్చు.

ఇది నాకు పుస్తకాల్లోంచే తెలిసిన సంగతి కాదు. పీజీ రెండో ఏడాదిలో నాకూ సెప్టోప్లాస్టీ అయింది. అప్పట్లో ఆయింట్‌మెంట్ పూసిన పల్చటి గుడ్డ పట్టీని రెండు ముక్కుల్లోనూ కూరేవాళ్ళు. రెండు రోజులు నోటితోనే ఊపిరి, నాలుక అట్టముక్కలా అయిపోయింది. ఇప్పుడు చాలామందికి ఆ బాధ లేదు. లోపల కుట్లు వేసో, సిలికాన్ స్ప్లింట్లు (దూలాన్ని పట్టి ఉంచే రేకులు) పెట్టో పంపిస్తాం. ప్యాక్ పెట్టినా ఒకటి రెండు రోజులే. ఐదో రోజు నా ముక్కు మూసుకుపోయింది. డాక్టర్ని కదా, కొంచెం శాస్త్రీయంగా భయపడ్డాను: హెమటోమానా (పొర కింద నెత్తురు గడ్డకట్టడం), ఇన్ఫెక్షనా, దూలం మళ్ళీ వంగిందా? రాత్రి పదకొండింటికి డ్యూటీలో ఉన్న సీనియర్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన హెడ్‌లైట్ పెట్టుకుని చూసి, ఏమీ మాట్లాడకుండా ఫోర్సెప్స్‌తో ఒక పక్కు లాగి ట్రేలో వేశాడు. గోధుమరంగులో, ఎండిన చింతపండు తునకలా ఉంది. వెంటనే చల్లగాలి లోపలికి కొట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కడుక్కోవట్లేదు కదూ?" అన్నాడు. నిజమే, కడుక్కోవట్లేదు. నెత్తురు వస్తుందేమోనని భయం.

ఈ అపోహ ఒట్టి టెన్షన్‌తో పోతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. ఫెయిలైందనుకున్న మనిషి రెండు పనులు చేస్తాడు. ఒకటి, కడగడం మానేస్తాడు, చెకప్‌కి రాడు. రెండు, మందుల షాపుకెళ్ళి ముక్కు చుక్కలు కొనుక్కుంటాడు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టున్న ఒకాయనకి రెండువైపులా పాలిప్స్ తీశాం. మొదటి చెకప్‌కి వచ్చాడు, తర్వాత కనపడలేదు. రెండు నెలలకి మళ్ళీ వచ్చాడు. లోపలికి నీళ్ళు పోస్తే చీము పడుతుందని ఎవరో చెప్పారట. ఎండోస్కోప్ పెట్టి చూస్తే ఎడమవైపు మధ్య టర్బినేట్ (ముక్కు లోపలి ఎముక మడత) పక్కగోడకి అతుక్కుపోయి ఉంది. రెండు పచ్చి పుండ్ల మధ్య పక్కు అలాగే వదిలేస్తే వంతెన కట్టుకున్నట్టు అతుకుతాయి. మేం తెరిచిన సైనస్ దారి మళ్ళీ మూసుకుపోయింది. మత్తుమందు తడిపిన దూది పెట్టి, ఓపీలోనే అతుకు విడదీసి, మధ్యలో సిలికాన్ రేకు పెట్టి పంపాను. ఆయన అదృష్టం, అంతటితో పోయింది. కొందరికి మళ్ళీ థియేటర్ తప్పదు. పోతూ పోతూ ఆయన అన్నమాట: "ఆపరేషన్ మీరు చేసిండ్రు కదా సార్, మళ్ళ నేను చేసేదేముంటది?"

సగం పని ఆయనదే. థియేటర్‌లో గంటో గంటన్నరో నాది. తర్వాతి ఆరు వారాలు ఆయనవి, ఆయన వాష్‌బేసిన్‌వి.

కడగడం ఎలాగంటే

ఎప్పుడు మొదలుపెట్టాలో మీ సర్జన్ చెప్తారు. పావు లీటరు నీళ్ళకి అర టీస్పూన్ కంటే కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు వంటసోడా. ఈ కొలతల గొడవెందుకు అనుకుంటే మందుల షాపులో రెడీ ప్యాకెట్లు దొరుకుతాయి. ఒట్టి నీళ్ళు పోస్తే మంట మండుతుంది, దాంతో భయపడి మానేస్తారు. గోరువెచ్చగా ఉండాలి. వాష్‌బేసిన్ మీదికి వంగి, తల కొంచెం పక్కకి తిప్పి, నోరు తెరిచి నోటితో ఊపిరి తీసుకుంటూ, సీసాని మెల్లగా నొక్కాలి. ఒకవైపు పోస్తే రెండోవైపు నుంచి వస్తాయి. యోగా తరగతుల్లో జలనేతి చేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. మొదటి రోజుల్లో ఎర్రటి నీళ్ళు, నల్లటి ముక్కలు పడతాయి. పడాలి, అందుకే కదా కడుగుతున్నాం.

నీళ్ళ విషయంలో మాత్రం రాజీ లేదు. మంజీరా నీళ్ళయినా, కృష్ణా నీళ్ళయినా, బోరు నీళ్ళయినా, ఇరవై లీటర్ల క్యానయినా మరిగించి చల్లార్చినవే వాడాలి. కేరళలో 2024లో, 2025లో మెదడు తినే అమీబా వార్తలు వచ్చాక, "ముక్కులో నీళ్ళు పోయొద్దని వాట్సాప్‌లో వచ్చింది సార్" అని కడగడం మానేసినవాళ్ళున్నారు. ఆ అమీబా ముక్కు ద్వారానే వెళ్తుందన్న మాట నిజం. నీళ్ళు బాగా మరిగితే అది చచ్చిపోతుందన్నదీ నిజం. ఫార్వర్డ్‌లో ఆ రెండో ముక్క ఉండదు.

కడిగిన తర్వాత గట్టిగా చీదకండి. మొదటి రెండు వారాలు అసలు చీదొద్దు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. తలకింద రెండు దిండ్లు పెట్టుకోండి. బరువులు, జిమ్, ఈత వద్దు. సిలిండర్ కూడా బరువే. అలా చెప్పకపోతే లెక్కలోకి రాదని తెలిసి చెప్తున్నాను.

ఇక ముక్కు చుక్కలు. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ ఉన్నవి వేసిన ఐదు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, మాయలా ఉంటుంది. వారం దాటి వాడితే మందు దిగగానే ముక్కు ముందుకన్నా ఎక్కువ బిగుస్తుంది. మళ్ళీ చుక్క, మళ్ళీ బిగుపు. ఒక కుర్రాడు నా బల్ల మీద మూడు సీసాలు పెట్టాడు: ఒకటి జేబులోది, ఒకటి దిండు కిందది, ఒకటి బండి డిక్కీలోది. నాలుగేళ్ళ నుంచి వాడుతున్నాడు. పాపం, దాన్ని వ్యసనం అన్నందుకు సిగ్గుపడ్డాడు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, ఆ మందు తీరే అంత. ఆపరేషన్ తర్వాత మేమే కొన్ని రోజులకి రాస్తే వాడండి, రాసినన్ని రోజులే. మేం నెలల తరబడి వాడమనే స్టెరాయిడ్ స్ప్రే వేరే రకం. అది అలవాటు పడదు, ఒంట్లోకి వెళ్ళేది చాలా తక్కువ. స్ప్రే కొట్టేటప్పుడు సీసా మూతిని దూలం వైపు కాకుండా చెవి వైపుకి తిప్పండి. లేకపోతే దూలం మీద పొర ఎండి నెత్తురు కారుతుంది.

ఇంకో మాట. పూర్తిగా మానాక కూడా "ఒకసారి కుడి, ఒకసారి ఎడమ బందవుతోంది" అని వచ్చేవాళ్ళున్నారు. అందరి ముక్కూ అంతే. కొన్ని గంటలు ఒకవైపు కాస్త ఉబ్బి విశ్రాంతి తీసుకుంటుంది, రెండోవైపు పనిచేస్తుంది, తర్వాత మారతాయి. ఇడ, పింగళ అని మనవాళ్ళు ఊపిరి ఏ వైపు నడుస్తోందో ఎప్పుడో గమనించారు. ఆపరేషన్‌కి ముందు ఒకవైపు ఎప్పుడూ మూసుకుపోయి ఉండటంతో ఈ మార్పు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

మిగతావి

"ఎలాగూ మళ్ళీ వస్తుంది." ఇందులో సగం నిజం. సరిచేసిన దూలం మామూలుగా మళ్ళీ వంగదు. పాలిప్స్ మాత్రం రావచ్చు, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్ళకి, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు పడనివాళ్ళకి. ఆ గుణం ముక్కు పొరలోనే ఉంటుంది, కత్తితో పోయేది కాదు. స్ప్రే, కడగడం వదలకపోతే చాలామందిలో ఏళ్ళ తరబడి అదుపులో ఉంటుంది.

"ఆపరేషన్ అయితే తుమ్ములు పోతాయి." పోవు. అలర్జీ దూలంలో ఉండదు. మెట్రో పిల్లర్ కింద దుమ్ము, ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ, పాత పరుపులు ఎక్కడికీ పోలేదు. గురకా అంతే. ముక్కు తెరుచుకున్నా గొంతు దగ్గర దారి కుంచించుకుపోతే గురక ఉంటుంది. ఇవి ముందే మాట్లాడుకోవాలి, ఆపరేషన్ అయ్యాక కాదు.

"సీటీ స్కాన్‌లో ఫంగస్ అని రాశారు సార్, కన్ను తీసేస్తారా?" ఇది 2021 మిగిల్చిన భయం. ఆ మే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్ చికిత్సకి నోడల్ కేంద్రం చేశారు. ఆ వార్డులు చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు, ఆ ఇళ్ళవాళ్ళు అసలే మరిచిపోలేరు. అందుకే ఈ ప్రశ్నకి నేను విసుక్కోను. ఆ బ్లాక్ ఫంగస్ మ్యూకర్ అనే రకం; షుగర్ అదుపు తప్పినవాళ్ళలో, రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్ళలో కణజాలంలోకి చొచ్చుకుపోతుంది. మామూలు ఓపీలో మేం ఎక్కువగా చూసేది అలర్జీ ఫంగస్, లేదా ఒక సైనస్‌లో ముద్దలా పేరుకున్న ఫంగస్ బాల్. అవి అలా చొచ్చుకుపోయే రకం కాదు. శుభ్రం చేస్తాం. రిపోర్టులో ఆ ఒక్క మాట చదివి రాత్రంతా మేలుకోకుండా డాక్టర్ని అడగండి.

"సెప్టోప్లాస్టీ చేస్తే ముక్కు రూపం మారిపోతుంది." పని అంతా లోపలే, పైన గాటు కూడా ఉండదు. రూపం కావాలనుకునేవాళ్ళది వేరే లెక్క. మాఘమాసంలో పెళ్ళి పెట్టుకుని మార్గశిరంలో రైనోప్లాస్టీకి వస్తారు. పైన స్ప్లింట్ వారం ఉంటుంది, కళ్ళకింద కమిలినట్టు ఉండేది రెండు వారాల్లో తగ్గుతుంది. కానీ ముక్కు కొన వాపు పూర్తిగా దిగి అసలు రూపం రావడానికి ఏడాది దాకా పడుతుంది. చర్మం మందంగా ఉంటే ఇంకా ఆలస్యం. ఎముక మీద పని చేస్తే కొన్ని వారాలు కళ్ళజోడు బరువు ముక్కుమీద పడకూడదు. ముక్కుపుడక ఆపరేషన్‌కి ముందే తీసేయాలి. ఒక పెద్దావిడ "మా ఆయన ఉండగా తీయను" అని స్ట్రెచర్ మీద కూర్చుండిపోయింది. చివరికి ఆ ఆయన వచ్చి స్వయంగా తీసి, జేబులో వేసుకుని, బయట కూర్చున్నాడు.

"సైనస్ తలనొప్పికి ఆపరేషన్ చేసేయండి." సైనస్ అనుకుని వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి కారణం మైగ్రేన్. సీటీ శుభ్రంగా ఉంటే కత్తి పట్టను, ఎంత బతిమాలినా.

గుండెకి స్టెంట్లు వేయించుకున్నవాళ్ళు నెత్తురు గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపొద్దు. ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టరూ నేనూ మాట్లాడుకుని చెప్తాం.

ఎప్పుడు నిజంగా భయపడాలో కూడా చెప్తాను. కొన్ని రోజులు ఎర్రటి రసి కారడం మామూలే. నెత్తురు ధారగా వస్తే కూర్చుని ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పదిహేను నిమిషాలు వదలకుండా పట్టుకోండి. తల వెనక్కి వాల్చకండి, నెత్తురు గొంతులోకి పోతుంది. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి రండి. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, కన్ను వాచినా, తీవ్రమైన జ్వరంతో మెడ బిగుసుకున్నా, రెండువైపులా మూసుకుపోయి నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, వంగినప్పుడు ఒకే ముక్కు నుంచి నీళ్ళలాంటి ద్రవం బొట్లుబొట్లుగా కారుతున్నా, రాత్రి రెండైనా ఫోన్ చేయండి. ఆ ఫోన్‌కి ఎవరూ విసుక్కోరు.

ఇవేవీ లేకుండా ఆరో రోజు ముక్కు బందైతే, ఉప్పునీళ్ళ సీసా తీయండి. పొద్దున్నే ఓపీకి రండి, పక్కు తీసి పంపిస్తాను. బామ్మర్దిని కూడా తీసుకురండి, ట్రేలో పడ్డది చూస్తాడు.