హీబర్ స్ప్రింగ్స్ గాజు నెగెటివ్‌లు: 5 డాలర్ల అమ్మకంలో హక్కులు కూడా చేరాయా?

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో స్టూడియో నడిపిన మైక్ డిస్‌ఫార్మర్ ఫొటోలపై హక్కు ఎవరిదన్న తగవు, 2021లో ఆయన బంధువులు వారసులుగా కోర్టును ఆశ్రయించడంతో రగిలింది. ఆయన ఇంటిపేరు ఎందుకు మార్చుకున్నారో, ఎంత ఒంటరిగా బతికారో ఫొటోగ్రఫీ అభిమానులకు తెలిసిన కథే. తగవుకు మూలం ఆయన జీవితంలో కాక, 1959లో ఆయన మరణించాక జరిగిన ఒక అమ్మకంలో ఉంది.

ఆయన స్టూడియో సామానంతటినీ ఊరి మాజీ మేయర్ జో ఆల్‌బ్రైట్ 5 డాలర్లకు కొన్నారు. అందులో వేలాది గాజు నెగెటివ్‌లు, అంటే ఫొటోలు ముద్రించుకునే మూల పలకలు, ఉన్నాయి. పొలం బట్టలతోనే వచ్చిన రైతులు, సైనిక దుస్తుల్లో నిలబడ్డ కుర్రాళ్లు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని అక్కచెల్లెళ్లు: రెండో ప్రపంచ యుద్ధకాలంలోనూ, అది ముగిసిన కొత్తలోనూ ఆ ఊరు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఇంత నిండుగా మరోచోట దొరకదు. వాటిని అప్పుడు అడిగినవారు లేరు. 1970లలో స్థానిక పత్రిక సంపాదకుడు పీటర్ మిల్లర్ పాత ఫొటోలు పంపమని పాఠకులను కోరినప్పుడు ఆల్‌బ్రైట్ ముందుకొచ్చారు. దుమ్ము పట్టిన ఆ పలకలను మిల్లర్ శుభ్రం చేసి, ప్రింట్లు వేసి, న్యూయార్క్‌లోని మోడరన్ ఫొటోగ్రఫీ పత్రిక సంపాదకురాలు జూలియా స్కల్లీకి పంపడం, 1976లో పుస్తకం రావడం, తర్వాత పలకలు లిటిల్ రాక్‌లోని మ్యూజియం ఫౌండేషన్‌కు చేరడం, అన్నీ ఆ అమ్మకం వల్లనే సాధ్యమయ్యాయి.

పలక కొన్నంత మాత్రాన కాపీరైట్ రాదన్నది వారసుల వాదన. 1978లో అమల్లోకి వచ్చిన అమెరికా కాపీరైట్ చట్టం ఆ మాటే చెబుతుంది. అయితే ఈ అమ్మకం అంతకు చాలా ముందుది. ప్రచురణ కాని కృతిని ఏ షరతూ లేకుండా అమ్మితే హక్కులూ కొన్నవారికే చేరినట్లు భావించే పద్ధతి ఆ రోజుల్లో కొన్ని రాష్ట్రాల కోర్టుల్లో ఉండేది. పైగా ఇక్కడ అమ్మింది మృతుడి ఆస్తిని చక్కబెట్టినవారే. ఈ సంగతికి రావలసినంత ప్రాధాన్యం వార్తల్లో రాలేదు.

కాపీరైట్ గడువు కూడా దగ్గర పడుతోంది. ఇప్పటికీ ప్రచురణ కాని చిత్రాలకు వాటిని తీసినవారు మరణించాక 70 ఏళ్లు, అంటే 2029 చివరి వరకే రక్షణ ఉంటుంది. 1978కీ 2002కీ మధ్య తొలిసారి ప్రచురించినవాటికి మాత్రం 2047 చివరి వరకు ఉంటుంది.