కాగితం లేదని మామ్మ మాట కొట్టేస్తారా? గిరిజన మౌఖిక చరిత్రపై అపోహలు - వాస్తవాలు

అపోహ: పెద్దవాళ్లు చెప్పేవి కథలు. కాగితం ఉంటేనే సాక్ష్యం.

ఈ మాట విని విని విసుగొచ్చేసింది. చదువుకో, ఉద్యోగానికో బెంగళూరు వచ్చిన గిరిజన పిల్లలు తమ ఊరి పెద్దల జ్ఞాపకాలు సేకరిస్తుంటే మా బృందం తోడుంటుంది. ఆదివారాలు కబ్బన్ పార్కులో కలుస్తాం. రంపచోడవరం కొండల నుంచి నర్సింగ్ చదవడానికొచ్చిన కొండరెడ్డి అమ్మాయి మొదటి రోజే అడిగింది: "పట్టా లేదక్కా, మా మామ్మ చెబితే ఆఫీసులో ఎవరు నమ్ముతారు?" పాత రసీదు లేకపోతే అడవి భూమి మీద హక్కు కోసం అర్జీ పెట్టడమే దండగని ఊళ్లో ఎవరో చెప్పారట. ఆ పిల్ల భయం నాకర్థమైంది. ఆ పుకారు పుట్టించినవాళ్ల మీదే నా కోపం.

వాస్తవం: 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది చదవండి. అర్జీదారు కాని పెద్దల వాంగ్మూలం రాతలో పెడితే అది సాక్ష్యమే. ఫలానా కాగితమే తెమ్మని ఏ కమిటీ పట్టుబట్టకూడదని 2012 సవరణ తేల్చేసింది. అయితే పెద్దల వాంగ్మూలం ఒక్కటే చాలదు, ఇంకో ఆధారమూ కావాలి. పాత బావి, సమాధులు, దేవుడి చోటు కూడా ఆధారాలే. అవి ఎక్కడున్నాయో చెప్పగలిగేది మళ్లీ ఆ మామ్మే!

ఆ అమ్మాయి ఫోన్లో "ఏ సంవత్సరం నుంచి పోడు చేస్తున్నారు?" అనడిగితే మామ్మ నోరు మెదపలేదు. మా బృందంలో కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండల నుంచి వచ్చిన, సోలిగ తెగకు చెందిన అన్న ఒకాయన ఉన్నాడు. అక్కడి సోలిగలకు 2011లో పులుల అభయారణ్యంలోనే సాముదాయక (ఊరంతటికీ కలిపి ఇచ్చే) అటవీ హక్కులు దక్కాయి. "సంవత్సరం అడక్కమ్మా, మరిచిపోలేనిది ఏదో ఒకటి గుర్తు చెయ్" అన్నాడు. మర్నాడు "గోదారి పెద్ద వరదకి ముందా, తర్వాతా?" అని అడిగింది. ఇక మామ్మ ఆగలేదు. ఎవరి పోడు ఎక్కడిదాకా, రాళ్లు ఎక్కడ కుప్పేశారు, చింతచెట్టు కింద ఎవర్ని పూడ్చారు, అన్నీ వరసగా వచ్చాయి. ఆ వరద 1986లో వచ్చింది. చట్టం అడిగేది 2005 డిసెంబరు 13కి ముందు సాగులో ఉన్నారా అని!

ఇది మన దగ్గరే కాదు. కెనడా సుప్రీంకోర్టు 1997లోనే డెల్గమూక్ కేసులో ఆదివాసుల మౌఖిక చరిత్రను రాతపత్రాలతో సమానంగా చూడాలంది.

మిగతావి గబగబా. డిగ్రీ ఉన్న పరిశోధకుడే చెయ్యాలా? అక్కర్లేదు, ఆ యాస తెలిసిన మనవరాలు చాలు. రికార్డు చేస్తే పనైపోయినట్టేనా? కాదు. రాసింది పెద్దావిడకు చదివి వినిపించాలి, బయటపెట్టొద్దన్నది తీసేయాలి, వేలిముద్ర వేయించాలి. ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి. అర్జీ ఇచ్చాక గ్రామ అటవీ హక్కుల కమిటీని రసీదు అడగండి, ఇవ్వకపోతే గ్రామసభలోనే నిలదీయండి.