రాయబారం: శత్రువుతో మాటకు పాత పేరు

రాయబారి అనగానే ఇప్పుడు గుర్తొచ్చేది విదేశాల్లో మన దేశం తరఫున పనిచేసే అధికారి, ఆయన ఉండే రాయబార కార్యాలయం. పాత సాహిత్యంలో ఈ మాటకు పదును ఎక్కువ. 'రాయ' అంటే రాజు. రాయబారం అన్నది 'రాజభారం'కు వికృతి అని చెబుతారు. రాజు మోయాల్సిన బరువును మరొకరు తలకెత్తుకుని, తరచుగా శత్రువు కొలువుకే, వెళ్లడం అన్నమాట. యుద్ధానికి ముందో మధ్యలోనో జరిగే ఆ పనికి నేడు పత్రికలు 'చర్చలు' అని రాస్తున్నాయి. ఆ మాటలో వెళ్లినవాడి ప్రాణానికి ఎవరు పూచీ అన్న ప్రశ్న వినిపించదు. అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం దూతలను మూడు తరగతులు చేసింది. అమాత్యుడికి ఉండాల్సిన గుణాలన్నీ ఉన్నవాడు నిసృష్టార్థుడు. అక్కడికక్కడే నిర్ణయం తీసుకునే అధికారం అతనిది. గుణాల్లో పావు వంతు తగ్గినవాడు పరిమితార్థుడు, చెప్పినంత వరకే మాట్లాడతాడు. సగం తగ్గినవాడు శాసనహరుడు, లేఖ అందించి వస్తాడు. ప్రాణం మీదికి వచ్చినా సందేశాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలని దూతకు ఆదేశం. దూతలలో అంత్యజులైనా వధించరాదని రాజుకు హితవు. పరాయి కొలువులో ఉన్నన్నాళ్లూ మద్యానికి, స్త్రీలకు దూరంగా ఉండాలి, ఒంటరిగా పడుకోవాలి అని కూడా ఉంది. నిద్రలోనూ మత్తులోనూ మనసులోని మాట బయటపడుతుంది కదా! రాజు ముఖం ఎలా ఉంది, ఎంత దగ్గరలో ఆసనం వేయించాడు అన్నవి కూడా గమనించమన్నాడు. కోటల బలం, సేనల స్థితి తెలుసుకోవడమూ దూత పనే. అందుకే అతనికి గౌరవంతో పాటు అనుమానమూ ఎదురయ్యేది.

రామాయణంలో హనుమంతుణ్ణి చంపమని రావణుడు ఆజ్ఞాపిస్తే విభీషణుడు అడ్డుపడింది ఈ ధర్మం పేరుతోనే. అంగవైకల్యం, కొరడా దెబ్బలు, తల గొరగడం, ముద్ర వేయడం వంటి శిక్షలు ఉన్నాయి గానీ దూతను వధించడం ఎక్కడా వినలేదంటాడు. తోకకు నిప్పు పెట్టింది ఆ తర్వాతే. ఉద్యోగపర్వంలో ద్రుపదుడి పురోహితుడు, సంజయుడు, చివరికి కృష్ణుడు అటూ ఇటూ వెళ్లారు. అయిదూళ్లిచ్చినా చాలన్న ధర్మరాజు మాటను సంజయుడే మోసుకెళ్లాడు. రాయబారిగా వచ్చిన కృష్ణుణ్ణి బంధించాలని దుర్యోధనుడు పన్నాగం పన్నాడు. సంధి కుదరకపోవడం కన్నా అదే పెద్ద తప్పని నాకనిపిస్తుంది. సంధి చెడినా మళ్లీ మాట్లాడుకోవచ్చు, వచ్చినవాడిని పట్టుకుంటే ఇక ఎవరూ రారు.

ఆధునిక చట్టంలోనూ ఇదే ఉంది. 1907 హేగ్ ఒడంబడిక నియమావళి 32వ అధికరణం ప్రకారం తెల్లజెండాతో మాట్లాడటానికి వచ్చిన ప్రతినిధికి హాని చేయకూడదు. అతని వెంట వచ్చే బూర ఊదేవాడికి, డోలు వాయించేవాడికి, జెండా మోసేవాడికి, దుబాసీకి కూడా ఆ రక్షణ ఉంది. అయితే అతను సమాచారం సేకరించకుండా జాగ్రత్తపడే హక్కు సేనాధిపతికి ఉంటుంది. కౌటిల్యుడి దూతకు అప్పగించిన గూఢచర్యానికి ఇది నేరుగా జవాబు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న మళ్లీ సూటిగా ఎదురైంది 2004లో. నక్సలైట్లకు, ప్రభుత్వానికి మధ్య మాటలు కలపడానికి ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలోని పౌరస్పందన వేదిక 1997 నుంచీ పాటుపడుతూ వచ్చింది. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో శంకరన్ ఒకరు. అలాంటి మనిషి వాళ్లతో మాట్లాడాలని అన్నేళ్లు పట్టుబట్టడం మామూలు విషయం కాదు.

2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్ మంజీరా అతిథిగృహంలో ప్రభుత్వం తరఫున హోంమంత్రి జానారెడ్డి, నక్సలైట్ల తరఫున మావోయిస్టు పార్టీ నేత రామకృష్ణ తదితరులు ఎదురెదురుగా కూర్చున్నారు. వరవరరావు, గద్దర్, కల్యాణరావు అంతకుముందు నుంచీ నక్సలైట్ల దూతలుగా వ్యవహరించారు. అడవిలో ఉన్నవాళ్లు నగరానికి వచ్చి క్షేమంగా తిరిగి వెళ్లారు. ఒప్పందం మాత్రం కుదరలేదు. ఆయుధాలతో ఊళ్లలో తిరగవచ్చా లేదా అన్న దగ్గర పీటముడి పడింది. 2005 జనవరికి ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి, మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు.

అదే ఏడాది ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే ప్రభుత్వం ఆ పార్టీతో పాటు విప్లవ రచయితల సంఘాన్నీ (విరసం) నిషేధించింది. ఆ వెంటనే అరెస్టయినవారిలో నిన్నటి దూత వరవరరావు ఉన్నారు.