దూరాన పోయిన మనిషికి మరణ ధ్రువపత్రం: అపోహలు - వాస్తవాలు

కావలి ప్రాంతంలో పంచాయతీ కార్యదర్శిగా జనన, మరణాల రిజిస్టరు నేనే చూస్తాను. మా జిల్లాలో జబ్బు ముదిరితే అంబులెన్సు చెన్నై దారి పడుతుంది. కనిగిరి, పొదిలి వైపు వారు గుంటూరుకో హైదరాబాదుకో వెళ్తారు. అక్కడ మనిషి దక్కకపోతే ఊరికి తెచ్చుకుని, పెద్దకర్మ ముగించాక ఆధార్, రేషన్ కార్డులు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నేను ఇవ్వలేనంటే చాలామంది నమ్మరు. కావాలనే తిప్పుతున్నానని అనుకున్నవారూ ఉన్నారు.

అపోహ: ఓటు, రేషను, ఇల్లు అన్నీ ఇక్కడే, దహనమూ ఇక్కడే చేశాం, కాబట్టి మరణ ధ్రువపత్రం ఇక్కడే ఇవ్వాలి.

వాస్తవం: ప్రాణం ఎక్కడ పోయిందో అక్కడి రిజిస్ట్రారే నమోదు చేయాలి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దేశమంతటా ఇలాగే అమలవుతోంది. చెన్నై నగరంలోని ఆస్పత్రిలో పోతే అది చెన్నై కార్పొరేషన్ రిజిస్టరుకే ఎక్కుతుంది. ఆ పత్రంలో శాశ్వత చిరునామా దగ్గర మన ఊరి పేరు ఉంటుంది. మన పంచాయతీకి దానితో ఉన్న సంబంధం అంతే.

ఈ మాట వినగానే జనం కుంగిపోతారు. ‘భాష రాదు, మళ్లీ అంత దూరం ఎవరు పోతారు’ అంటారు. నిజానికి ఇందులోనే మీకు ఊరట ఉంది. ఆస్పత్రిలో మరణం జరిగితే రిజిస్ట్రారుకు తెలపాల్సిన బాధ్యత ఆస్పత్రిది, మీది కాదు. 21 రోజుల గడువు పాటించాల్సిందీ వారే. మీరు ఇక్కడ నా గుమ్మంలో నిలబడే సమయానికి అక్కడ నమోదు పూర్తయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆస్పత్రి రికార్డుల విభాగానికి ఫోను చేసి, ఏ తేదీన, ఏ పేరుతో వివరాలు పంపారో అడగండి. చెన్నై కార్పొరేషన్ ధ్రువపత్రాన్ని వారి వెబ్‌సైటు నుంచి డబ్బు కట్టకుండానే తీసుకోవచ్చు. అందులో తమిళంతో పాటు ఇంగ్లీషు కూడా ఉంటుంది కాబట్టి మన బ్యాంకుల్లో చదవలేరన్న భయం వద్దు.

అసలు నష్టం తెచ్చేది మరో సలహా. ‘ఇంట్లోనే పోయాడని రాయించు, పని అయిపోతుంది’ అని ఎవరో ఒకరు చెబుతారు. తీరప్రాంతపు పల్లె నుంచి ఒకామె ఇలాంటి మాట పట్టుకునే వచ్చింది. భర్త చెన్నైలో ఐసీయూలో పోయాడు. బ్యాంకు ఖాతాకు జీవనజ్యోతి బీమా ఉంది, రెండు లక్షలు రావాలి. ‘ఒక్క మాట రాస్తే నీకేం పోయింది నాయనా’ అని నా ముందే ఏడ్చింది. ఆమె బాధ నాకు అర్థం కాక కాదు. కానీ నేను అలా రాస్తే ఒకే మనిషికి రెండు చోట్ల, రెండు రకాలుగా మరణం నమోదవుతుంది. బీమావారి చేతిలో ఆస్పత్రి కాగితాలు ఒకటి చెబుతాయి, నా పత్రం ఇంకొకటి చెబుతుంది. ఆ క్లెయిమును వారు అక్కడే ఆపేస్తారు. పైగా తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం నేరం. ఆమె అన్న కొడుకు చేత ఆస్పత్రికి ఫోను చేయిస్తే, నమోదు ఎప్పుడో అయిపోయిందని తేలింది. ఆ సలహా ఇచ్చినవారి మీద నాకు ఇప్పటికీ కోపమే.

వెతికినా వివరాలు దొరకకపోతే ముందుగా పేరు మీద అనుమానపడండి. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా వెంకట సుబ్బయ్య అని ఉంటుంది, ఆస్పత్రిలో కంగారులో ‘సుబ్బయ్య’ అని మాత్రమే చెబుతారు. చేర్పించేటప్పుడు రాయించిన పేరే చివరిదాకా నడుస్తుంది. దిద్దుబాటుకూ నమోదు చేసిన కార్యాలయానికే వెళ్లాలి. అందుకే ఎవరినైనా చేర్పించేటప్పుడు ఆధార్ చూపించి పేరు రాయించండి.

అపోహ: అంబులెన్సులో పోతే ఎక్కడా నమోదు కాదు.

వాస్తవం: నడిచే వాహనంలో పోతే, అది మొదట ఆగిన చోట నమోదు చేయించాలి. ఇంటికి చేరాక ప్రాణం పోతే అది ఇంట్లో జరిగిన మరణమే, అప్పుడు నేనే రాస్తాను. బెంగళూరులో కొడుకు ఇంట్లో పోతే ఆ ఇంటి పెద్ద అక్కడే తెలియజేయాలి. అక్కడి డాక్టరు కాగితం తీసుకోకుండా బయలుదేరవద్దు.

అపోహ: ఏడాది దాటితే కోర్టుకు వెళ్లక తప్పదు.

వాస్తవం: ఒకప్పుడు మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. చట్ట సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది. 21 రోజులు దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుము కడితే చాలు. ఆ తర్వాత ఏడాది లోపు అయితే జిల్లా రిజిస్ట్రారు అనుమతి కావాలి.

మిగతావి తొందరగా చెబుతాను. శ్మశానం రసీదు, పోస్టుమార్టం నివేదిక మరణ ధ్రువపత్రాలు కావు, అయినా దాచుకోండి. మరణ కారణం ధ్రువపత్రంలో ఉండదు, కాబట్టి పదిమందిలో పరువు పోతుందని నమోదు మానుకోవద్దు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వేరు. అది మన తహసీల్దారు ఇస్తారు, దానికి మాత్రం సొంత మండలానికే రావాలి.

కువైట్‌లో పోయినవారి సంగతి కూడా అడుగుతుంటారు. అక్కడి మన రాయబార కార్యాలయం మరణాన్ని నమోదు చేసి ధ్రువపత్రం ఇస్తుంది, అది ఇక్కడ చెల్లుతుంది. పంచాయతీలో మళ్లీ నమోదు అక్కర్లేదు. చెన్నై విమానాశ్రయంలో శవపేటికతో పాటు వచ్చే కాగితాల కట్టలో ఆ పత్రం ఉందేమో అక్కడే చూసుకోండి. లేకపోతే, శవపేటికను పంపిన కంపెనీవారిని ఆ రోజే అడగండి.