మెదడులో క్వాంటం స్థితి ఎంతసేపు నిలుస్తుంది?

స్పృహకు మూలం క్వాంటం భౌతికశాస్త్రంలో ఉందన్న వాదన గణితంతో మొదలైంది. అంకగణితాన్ని ఇముడ్చుకోగల, వైరుధ్యం లేని ఏ నియమావళిలోనైనా అది నిరూపించలేని సత్యాలుంటాయని 1931లో తార్కికుడు కర్ట్ గోడెల్ చూపాడు. వాటిని మనిషి గుర్తించగలడు కాబట్టి ఆలోచన వట్టి కంప్యూటర్ లెక్క కాదని 1989లో బ్రిటిష్ గణిత భౌతికశాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ వాదించారు. (తన ఆలోచనలో వైరుధ్యం లేదని మనిషికి ముందే ఎలా తెలుసన్న తార్కికుల అభ్యంతరం ఇప్పటికీ బలంగానే ఉంది.) లెక్కకు అందని ఆ ప్రక్రియను ఆయన గురుత్వం వల్ల సూపర్‌పొజిషన్ (ఒకే కణం ఒకేసారి రెండు స్థితుల్లో ఉండడం) కూలి ఒక్క స్థితే మిగలడంలో వెతికారు. మెదడులో అది జరిగే చోటు మాత్రం దొరకలేదు.

ఆ చోటు మైక్రోట్యూబ్యూల్ అన్నారు అరిజోనా మత్తువైద్యుడు స్టువర్ట్ హామెరాఫ్. కణం లోపలి ఈ గొట్టం వ్యాసం 25 నానోమీటర్లు. సాధారణంగా 13 పోగులుంటాయి. ఒక్కో పోగూ ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ జంటల వరుస, ఒక్కో జంట పొడవు 8 నానోమీటర్లు. ఎన్నో ట్యూబ్యులిన్లు కలిసి సూపర్‌పొజిషన్‌లో ఉండి, సుమారు 25 మిల్లీసెకన్లకు ఒక్కసారిగా కూలితే అదే స్పృహలో ఒక క్షణమని 1990ల మధ్యలో ఇద్దరూ ప్రతిపాదించారు. మెదడులో సెకనుకు 40 సార్లు సాగే గామా విద్యుత్ తరంగాలతో ఈ వ్యవధి సరిపోతుంది.

అసలు చిక్కు ఇక్కడే. మెదడు వెచ్చన, తడి. అయాన్లూ నీటి అణువులూ ప్రతి క్షణం తాకుతూనే ఉంటాయి. ఒక్కో తాకిడీ క్వాంటం స్థితి ఆచూకీని బయటికి మోసుకుపోతుంది. దీన్నే డీకోహెరెన్స్ అంటారు. మైక్రోట్యూబ్యూల్‌లో ఆ స్థితి దాదాపు 10⁻¹³ సెకనులోనే చెదురుతుందని 2000లో భౌతికశాస్త్రవేత్త మాక్స్ టెగ్‌మార్క్ లెక్కగట్టారు. కావలసిన దానికి పాతిక వేల కోట్ల రెట్లు తక్కువ! సూపర్‌పొజిషన్‌లో రెండు స్థానాల మధ్య దూరాన్ని ఆయన మరీ ఎక్కువగా తీసుకున్నారని 2002లో హామెరాఫ్ బృందం జవాబిచ్చింది. సవరించిన లెక్కలో వచ్చింది 10 నుంచి 100 మైక్రోసెకన్లు. అదీ కనీసం 250 రెట్లు చాలదు. మిగతా లోటు పూడ్చడానికి చుట్టూ ఉండే జెల్, అయాన్ల పొర రక్షణ ఇస్తాయని ఊహించాల్సి వచ్చింది.

2020లో ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగం గురుత్వం వల్ల సూపర్‌పొజిషన్ కూలుతుందన్న సిద్ధాంతపు అతి సరళ రూపాన్ని తోసిపుచ్చింది. కూలినప్పుడు రావలసిన వికిరణం కనబడలేదు. పెన్‌రోజ్ రూపంలో ఆ వికిరణం తప్పనిసరి కాదు గనుక ఆయన వాదన దాంతో ముగియలేదు.

2024లో మైక్రోట్యూబ్యూళ్లను గట్టిపరిచే ఎపోథిలోన్ బి మందు ఇచ్చిన ఎలుకలు ఐసోఫ్లూరేన్ మత్తులోకి జారడానికి నిమిషానికి పైగా ఎక్కువ తీసుకున్నాయి. మత్తుమందు ఆ గొట్టాల మీద కూడా పనిచేస్తుందనడానికి ఇది మంచి ఆధారమే. అవే గొట్టాలు న్యూరాన్‌లో సరుకు రవాణా పట్టాలు కూడా కాబట్టి, ఈ ఫలితాన్ని వివరించడానికి క్వాంటం తప్పనిసరేమీ కాదు.