తెర సంగతి తర్వాత, ముందు వినబడనివ్వండి

చెన్నైలో అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, స్కూళ్ల గేట్ల మీద "స్మార్ట్ క్లాస్‌రూమ్" బ్యానర్లు వెలుస్తాయి. లోపల గోడంత తెర, ఏసీ, రంగురంగుల కుర్చీలు చూపిస్తారు. చూడండి, తప్పులేదు. కానీ ఒకటో తరగతి గది ఖాళీగా ఉన్నప్పుడు దాని మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట కొట్టి చూడండి. ఆ చప్పుడు టక్కున ఆగకుండా గోడల మధ్య మోగుతూ ఉంటే ఆ గది చిన్నపిల్లల చదువుకు పనికొచ్చేలా లేదని నా అభిప్రాయం, తెర ఎంత పెద్దదైనా సరే.

ఎందుకంటే మన స్కూలు గదుల్లో పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, కింద టైల్సు, అన్నీ గట్టివే, శబ్దాన్ని పీల్చుకునే వస్తువు ఒక్కటీ ఉండదు. మాటలో అచ్చులు బలంగా, సాగుతూ వినబడతాయి. హల్లులు, ముఖ్యంగా క, ట, ప, స లాంటివి, పొట్టిగా, బలహీనంగా ఉంటాయి. మోగే గదిలో ముందు పలికిన అచ్చు ఇంకా తిరుగుతూనే ఉండి వెనకొచ్చే హల్లును కప్పేస్తుంది. టీచరు "క్యాట్" అన్నారో "క్యాప్" అన్నారో వెనక వరుసలో తేలదు. మనకైతే సందర్భాన్ని బట్టి మెదడు ఆ ఖాళీ పూరించేస్తుంది, ఆ మాటలు ముందే తెలుసు కాబట్టి. ఆరేళ్ల పిల్లకి ఆ మాటే కొత్త, ఇక దేనితో పూరించుకుంటుంది? రొదలోంచి మాటను వేరుచేసుకునే నేర్పు కూడా బడి వయసంతా మెల్లగా పెరుగుతూ వచ్చేదే.

ఇక్కడి మన తెలుగు పిల్లల సంగతి ఇంకా ఆలోచించాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. అమ్మభాష కాని భాషలో వింటున్నప్పుడు రొద చేసే నష్టం మరీ ఎక్కువని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. "మీవాడు శ్రద్ధ పెట్టడం లేదండీ" అని టీచరు చెబితే ఇంటికొచ్చి పిల్లాణ్ణి కోప్పడతాం. వాడికి సరిగ్గా వినబడుతోందా అని ఎవరం అడగం.

క్లాసులో బయటి నుంచి వచ్చే రొద 35 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దాటకూడదని, ప్రతిధ్వని 0.6 సెకన్లలో అణిగిపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. టీచరు గొంతు చుట్టూ ఉన్న రొదకంటే కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువగా పిల్లల చెవికి చేరాలని వినికిడి నిపుణులు అంటారు. ఫ్యాను, పక్క క్లాసు, బయట బస్సుల హారన్లు కలిస్తే ఆ తేడా మిగలదు, టీచరు గొంతు చించుకుంటారు, సాయంత్రానికి గొంతు పోతుంది.

న్యూయార్క్‌లో ఒక స్కూలు స్తంభాల మీద పోయే రైలు దారి పక్కనే ఉండేది, మన మైలాపూర్ మీదుగా పోయే లైను లాంటిదే. 1975లో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే మనస్తత్వవేత్త పట్టాల వైపు గదుల్లోని పిల్లల్ని, అవతలి వైపు పిల్లల్ని పోల్చి చూశారు. ఒకే స్కూలు, ఒకే పాఠాలు, అయినా ఆరో తరగతికొచ్చేసరికి పట్టాల వైపు పిల్లలు చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. తర్వాత పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు, గదులకు శబ్దాన్ని పీల్చే సీలింగు పెట్టారు. మళ్లీ పరీక్షిస్తే రెండు వైపులా తేడా లేదు! స్కూలు అదే, మారింది గది.

అలాగని కిటికీలు మూసేస్తే సరిపోదు, చెన్నై ఉక్కలో అది శిక్షే. పైగా మూసిన గదిలో అందరూ వదిలిన ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది. అందుకే గదుల్ని ఎటు పెడుతున్నామన్నది ముఖ్యం. రోడ్డు వైపు మెట్లు, స్టోర్‌రూము, ఆఫీసు పెట్టి, చిన్న క్లాసుల్ని లోపలి వైపుకు మార్చితే కిటికీలు హాయిగా తీసుకోవచ్చు. ఉన్న స్కూల్లో గదులు అటూ ఇటూ మార్చడానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

టీచరు ఎక్కడ కూర్చుంటారన్నదీ అంతే ముఖ్యం. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాకేంద్రంలో ఊరి బడుల కోసం తయారైన పద్ధతి నుంచి నేర్చుకుని, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో కార్యకలాపాల ద్వారా నేర్పే విధానం మొదలుపెట్టారు. అందులో పిల్లలు చాపల మీద గుంపులుగా కూర్చునేవారు, వాళ్ల చేతికి అందే ఎత్తులో గోడ పొడవునా నల్లబోర్డులు ఉండేవి, టీచరు కిందే వాళ్ల పక్కన కూర్చునేవారు. శబ్దం కోసం చేసింది కాకపోయినా, గొంతుకీ చెవికీ మధ్య దూరం తగ్గిపోయింది, చెవికి ఇంతకంటే మేలు చేసే మార్పు నాకైతే తోచడం లేదు. అయితే గుంపులన్నీ ఒకేసారి మాట్లాడితే గది హోరెత్తుతుంది, కాబట్టి ఇలాంటి క్లాసుకు మెత్తటి గోడలు మరింత అవసరం.

పీటీఏ (తల్లిదండ్రుల, టీచర్ల సంఘం) మీటింగులో అడగాల్సినవి చిన్నవే: కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు, గోడలకు గుడ్డ కప్పిన మందపాటి సాఫ్ట్‌బోర్డులు, వెనక గోడకు పీచు పలకలు. థర్మాకోల్, గుడ్ల అట్టలు మాత్రం వద్దు, అవి మాటల మోతను పెద్దగా తగ్గించవు, పైగా వాటికి తొందరగా నిప్పంటుకుంటుంది.